ఉప్పు చూసిపెట్టిన పూటలు

నా చిన్నప్పుడు కొన్నాళ్ళు మాకు ఇల్లంటే మా దీవిలో ఓడలాగే ఫీనిక్స్ బే జెట్టీలో టికెట్ల షెడ్డు పక్కనున్న అరుగే. వేటకెళ్ళిన నాన్న పడవ తిరిగి రాలేదు. అద్దె గది పోయింది. ఆపైన అమ్మ జబ్బుపడి ఆసుపత్రిలో చేరింది. వెళ్తూ వెళ్తూ తమ్ముణ్ణి వదలొద్దనీ, ఎవరి ముందూ చెయ్యి చాచొద్దనీ చెప్పింది. నేనసలే మొండిఘటాన్ని. ఓడ దిగినవాళ్ళు బిస్కెట్లు ఇవ్వబోతే మొహం తిప్పేసుకునేదాన్ని. పంతం నాది, ఆకలి మాత్రం ఇద్దరిదీ. తమ్ముడు ఏడవడం కూడా మానేసి నా ఒళ్ళో వాలిపోయి ఉండేవాడు.

గేటు దగ్గర చేపలమ్మే పిన్ని ఇదంతా గమనిస్తూనే ఉంది. మాకు చుట్టమేమీ కాదు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మనిషి, గట్టి నోరు. ఒకరోజు అన్నం పెడతానంటే వద్దన్నాను. ఆమె బతిమాలలేదు. మర్నాడు బుట్ట నెత్తిన పెట్టుకుని ఇంటికి పోతూ మా ముందు ఆగింది.

“ఓలమ్మీ, ఓపాలి మా ఇంటికి రాయే. ఈయాల సనివారం, నాకు ఉపోసం. సేపల పులుసు రుచి సూడ్డానికి నేదు. ఉప్పు తేడా వచ్చిందంటే మా ఆయన గుస్సా అయిపోతాడు.”

ఆమెకు సాయం కావాలి, ఇది చెయ్యి చాచడం కాదు కదా అనుకుని వెళ్ళాను. ఒట్టి పులుసు నాకితే ఏం తెలుస్తుంది, అన్నంలో కలుపుకోమంది. ఒక్కదాని మాట నమ్మలేనని తమ్ముడికీ కంచం పెట్టింది. వాడు వేళ్ళు నాకుతుంటే నాకు ఏడుపొచ్చింది. ముక్కు తుడుచుకుని, పెద్ద ఆరిందాలా, “కొంచెం తగ్గింది పిన్నీ” అన్నాను. ఆమె నిజంగానే మరో చిటికెడు వేసింది.

ఆదివారం పిన్నికి పంటినొప్పి. సోమవారం పక్కింటామెకు జలుబు, నోటికి రుచే తెలియడం లేదట. అలా ఆ వరస ఇళ్ళలో ఆడవాళ్ళందరి నాలుకలూ ఒక్కసారే మొద్దుబారిపోయాయి! చివరింటి టీచరమ్మ ఉప్పుతో ఆగలేదు. పలక చేతికిచ్చి, నన్ను బళ్ళో వేసింది. ఎండుచేపలకు కుక్కల బెడద ఉంది, కాపలా కావాలని పిన్ని తన వసారాలోనే మమ్మల్ని పడుకోబెట్టుకుంది.

ఒకరోజు బడి నుంచి వస్తూ వాకిట్లోంచి చూశాను. పిన్ని పులుసు అరచేతిలో వేసుకుని నాకి, తృప్తిగా తలూపి, మూతపెట్టి, అప్పుడు నన్ను కేకేసింది. అంతా అర్థమైంది. కోపం రాలేదు సరికదా, వెళ్ళి ఆమెను గట్టిగా వాటేసుకోవాలనిపించింది. కానీ ఏమీ ఎరగనట్టు లోపలికెళ్ళి రుచి చూసి, “సరిగ్గా కుదిరింది పిన్నీ” అన్నాను. “నువ్వు సెప్తేగానీ నాకు దైర్నం నేదే గుంటా” అంది.

అమ్మ కోలుకుని వచ్చి, తమ్ముడి బుగ్గలు చూసి, ఎవరిని అడిగి తిన్నారని కంగారుగా అడిగింది. “ఎవర్నీ అడగలేదమ్మా” అన్నాను. తలెత్తుకుని ఆ మాట అనగలిగానంటే అదంతా పిన్ని చలవే.

ఇప్పుడు మాయాబందర్‌లో ఉంటున్నాను. బీపీ వల్ల డాక్టరు నన్ను ఉప్పు మానమన్నాడు. జెట్టీ దగ్గర తిరిగే పిల్లలకు ఆ సంగతి చెప్పే, కూర రుచి చూడమని ఇంటికి పిలుస్తాను. మొన్న ఒక పిల్ల మారు అన్నం పెట్టించుకుని, నా వంక ఓరగా చూసి, అమ్మమ్మని పిలిచినట్టు, “నానీ, ఉప్పు బరాబర్ ఉంది. రోజూ బరాబరే ఉంటాది. రేపు కూడా సూడ్డానికి రానా?” అంది.

“రాయే గుంటా, నువ్వు సెప్తేగానీ నాకు దైర్నం నేదు” అన్నాను. అచ్చం పిన్ని గొంతే వచ్చింది.