ఫ్లాష్‌లో తెల్లగా పడ్డ కన్ను

హౌరా దగ్గర సంత్రాగాఛి రైల్వే క్వార్టర్సులో మా కింది వాటాలో ఉండే వదిన కూతురికి మొదటి పుట్టినరోజు చేశారు. సొంత వదిన కాదు. మా నాన్నా, ఆవిడ మావగారూ యార్డులో కలిసి పనిచేశారు, అందరం ఒకే చర్చికి వెళ్తాం. ఆవిడ భర్తని చిన్నప్పటి నుంచీ అన్నయ్యా అనే పిలిచేదాన్ని. పెళ్లిళ్లకీ పుట్టినరోజులకీ ఫోటోలు తీయడం నా పని కాబట్టి ఆ సాయంత్రం కూడా కెమెరా నాదే.

మొహమ్మీదకి నేరుగా ఫ్లాష్ కొట్టడం నాకు ఇష్టం ఉండదు. ఫ్లాష్‌ని పైకి తిప్పి, వెలుగు సీలింగుకి తగిలి మెత్తగా కిందికి దిగేలా తీస్తాను. ఆ రోజు కేకు కోసే ముందు కరెంటు పోయింది. ఎమర్జెన్సీ లైటు ఒక్కటే ఉంది. సీలింగు నిండా రంగు కాగితాలు కట్టేశారు, పైకి కొట్టిన వెలుగు కిందికి రావడం లేదు. వేరే దారి లేక ఫ్లాష్ నేరుగా తిప్పి తల్లీబిడ్డల్ని తీశాను. పాప ఆ మెరుపుకి భయపడలేదు, కిలకిలా నవ్వింది.

మర్నాడు ఫోటోలు దిద్దడానికి కూర్చున్నాను. చీకట్లో నేరుగా ఫ్లాష్ కొడితే కంటిపాపలు ఎర్రగా పడతాయి. కంటి వెనకాల ఉండే నెత్తురు రంగు అది. దాన్ని నల్లగా దిద్దడం నాకు రోజూ ఉండే పనే. వదిన కళ్ళు దిద్ది పాప దగ్గరికి వచ్చాను. కుడి కన్ను ఎర్రగా ఉంది. ఎడమ కన్ను తెల్లగా ఉంది, నల్లగుడ్డు మధ్యలో పాల చుక్క వేసినట్టు.

లెన్సు మీద మరకేమో అనుకున్నాను. తర్వాతి ఫోటోలో పాప తల ఇంకోవైపు తిప్పింది, అయినా అదే కన్ను, అదే తెలుపు. ఇంటర్నెట్‌లో వెతికాను. పక్కచూపు చూస్తే మంచి కన్ను కూడా ఒక్కోసారి అలా పడొచ్చట. శుక్లం కావచ్చట. పసిపిల్లల కంట్లో వచ్చే క్యాన్సర్ కూడా కావచ్చట. ఆ చివరి మాట చదవగానే లేచి అమ్మని పిలిచాను.

అమ్మకి చూపించాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని స్క్రీన్ దగ్గరికి వంగింది.

"నువ్వేటి డాక్టరువా? నిన్ననే పండగలాగ చేసుకున్నారు. ఇవాళ పోయి ఈ మాట ఎలగ చెప్తావు?"

"చెప్పకపోతే?"

అమ్మ కొంగుతో కళ్ళజోడు తుడుచుకుంది.

మధ్యాహ్నం కెమెరా పట్టుకుని కిందికి దిగాను. మెట్ల మీద రెండుసార్లు ఆగి, ఏమని మొదలుపెట్టాలా అని మాటలు కూర్చుకున్నాను. వదిన తలుపు తీయగానే అవన్నీ ఎగిరిపోయాయి. పాపని ఇంకో రెండు ఫోటోలు తీస్తానన్నాను. కర్టెన్లు వేసి, పాపని వదిన ఒళ్ళో కూర్చోబెట్టి తీశాను. ఫోటో పెద్దది చేసి చూస్తుంటే వదిన నా మొహం కనిపెట్టింది.

"ఏటి చూస్తున్నావు అలగ?"

చూపించాను.

"ఫ్లాష్ పాడైందేమో. నన్ను తీసి చూడు."

తీశాను. ఆవిడ రెండు కళ్ళూ ఎర్రగా పడ్డాయి. డ్యూటీ నుంచి అప్పుడే వచ్చిన అన్నయ్యని తీశాను. ఆయనవీ అంతే. మళ్ళీ పాపని తీశాను. ముగ్గురం ఆ చిన్న స్క్రీన్ మీదకి వంగి చూశాం. వదిన పాప ఎడమ కన్ను అరచేత్తో మూసింది. పాప బొమ్మతో ఆడుకుంటూనే ఉంది. కుడి కన్ను మూసింది. పాప ఏడుస్తూ చెయ్యి నెట్టేసింది. మళ్ళీ ఎడమ కన్ను మూస్తే ఊరుకుంది.

"దీనికి ఈ కన్ను కనపడ్డం లేదు," అంది వదిన చాలా నెమ్మదిగా.

మర్నాడు పొద్దున్నే లోకల్ ఎక్కి హౌరాలో దిగి, బస్సులో కంటి ఆసుపత్రికి వెళ్ళాం. పాప కంట్లో చుక్కలు వేశారు, లోపల కూర్చోబెట్టి చాలాసేపు పరీక్షలు చేశారు. డాక్టరమ్మ ఫోటో ఎవరు తీశారని బెంగాలీలో అడిగింది. నేను చెయ్యెత్తాను. తప్పుపడుతుందనుకున్నాను. ఆవిడ తలూపి వదిన వైపు తిరిగింది. కంట్లో గడ్డ ఉంది, ఆ కంటి చూపు అప్పటికే పోయింది, బిడ్డ బతకాలంటే కన్ను తీసెయ్యాలి అంది. ఇంకో కన్ను బాగానే ఉంది, జబ్బు బయటికి పాకినట్టు కనిపించడం లేదు, ఆలస్యం చెయ్యొద్దు అంది. ఈ చివరి మాటలు వదిన చెవికెక్కాయో లేదో నాకు తెలియదు.

ఆ కబురు క్వార్టర్సులోకి రాగానే ఇంకో మాట పుట్టింది. అన్నయ్య వాళ్ళమ్మని నేను పెద్దమ్మా అంటాను. ఆవిడ వాకిట్లో కూర్చుని వచ్చినవాళ్లందరికీ చెప్పింది.

"నిన్నా మొన్నటిదాకా బాగున్న కన్ను. మొహమ్మీద అంత వెలుగు కొట్టాక పాడవదేటి?"

హౌరాకి ముందు స్టేషను టికియాపారాలో ఒక బాలింత ఇంట్లో ఫోటోలకి ఒప్పుకున్నాను. వాళ్ళు ఫోన్ చేసి, ఇప్పుడు వద్దులే అన్నారు. చర్చిలో పిల్లల తల్లులు నా భుజాన ఉన్న సంచీ వైపు చూసి బిడ్డల్ని అవతలి పక్కకి మార్చుకునేవారు. నిజం నాకు తెలుసు. అయినా పడుకుంటే ఆ మెరుపూ, ఆ పిల్ల నవ్వూ కళ్ళముందు కదిలేవి. నాకు తెలిసింది తప్పయితే?

ఆపరేషన్ రోజు వరండాలో డాక్టరమ్మని ఆపి, ఇది నా ఫ్లాష్ వల్ల వచ్చిందా అని అడిగేశాను. ఆవిడ తాపీగా చెప్పింది: "వెలుగు వల్ల వచ్చే జబ్బు కాదిది. నెలల నుంచీ లోపల పెరుగుతోంది. వెలుగు పడబట్టి మనకి కనిపించింది." వదిన పక్కనే ఉంది. నా చెయ్యి పట్టుకుంది, పాపని బయటికి తెచ్చేదాకా వదల్లేదు. వేళ్ళు తిమ్మిరెక్కాయి.

తీసిన కంటిని పరీక్షకి పంపారు. జబ్బు కంటి నరంలోకి పాకలేదని రిపోర్టు వచ్చింది. కొన్నాళ్లకి పాపకి కృత్రిమ కన్ను పెట్టారు. కుడి కంటిని చూస్తూ, దానికి సరిపోయేలా రంగు వేసి చేశారు. ఇప్పుడు బడికి వెళ్తోంది. బెంగాలీ, తెలుగు కలిపి గలగలా మాట్లాడుతుంది. తెలియనివాళ్లు తేడా కనిపెట్టలేరు. పెద్దమ్మ నాతో ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. క్షమించమనీ అనలేదు. మొన్న ఈస్టరుకి మాత్రం, మనవరాలి పక్కన కూర్చుని తనని కూడా తీయమంది.

రెండో కంటిలో కూడా రావచ్చని డాక్టరమ్మ ముందే చెప్పింది, అందుకే తరచూ పరీక్షకి తీసుకెళ్తారు. పరీక్షకీ పరీక్షకీ మధ్య వదిన ఆగలేదు. కర్టెన్లు వేసి ఫోన్ ఫ్లాష్‌తో పాపని తీసి నాకు పంపుతుంది. ఇది పరీక్షతో సమానం కాదని ఆవిడకి తెలుసు, నాకూ తెలుసు. నేను ఏ పనిలో ఉన్నా ఆపి, ఫోటో పెద్దది చేసి చూస్తాను.

"ఎర్రగానే ఉంది వదినా," అని రాస్తాను.

"ఇంకోసారి చూడవే," అని రాస్తుంది.

ఇంకోసారి చూస్తాను.