టాపు చిరిగిన నీలం కారు

భూపాలపల్లి దగ్గర బొగ్గు గనిలో నేను డంపర్ నడుపుతాను. ఆ బండి టైరు నాకంటే ఎత్తు. నిచ్చెన మెట్లెక్కితే పైన అద్దాల క్యాబిన్ ఉంటుంది. దుమ్ముకు కిటికీలు తెరవనివ్వరు. షిఫ్టు అంతా ఆ అద్దాల మధ్య కూర్చుని గుంతలోకి దిగడం, మట్టి నింపుకోవడం, పైకొచ్చి కుమ్మరించడం. ఆ పనంటే నాకు ఇష్టమే. మా తండాలో స్టీరింగు పట్టిన మొదటి ఆడమనిషిని నేనే అని చెప్పుకోవడం ఇంకా ఇష్టం. కాకపోతే కొన్నేళ్ళకు నాకో కోరిక పుట్టింది. నేలకు దగ్గరగా, టాపు లేకుండా, గాలి మొహానికి తగిలేలా ఒక కారు నడపాలి. రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. కొత్తది నా వల్ల కాదు, సెకండ్ హ్యాండ్‌దే. ఎండాకాలం తెల్లవారుజామున, ఎండ ముదరకముందే గోదావరి దాకా వెళ్ళి రావాలి.

ఈ మాట మరిపెడ దగ్గర మా తండాలో చెప్తే అందరూ నవ్వారు. "టాపు లేకుంటే అది కారెట్లయితది బిడ్డా? ట్రాలీ అంటరు దాన్ని," అన్నాడు మా బాపు.

నవ్వనిది మా అక్క ఒక్కతే. ఆమె నాకంటే ఐదేళ్ళు పెద్ద. మహబూబాబాద్‌లో ఆమెకు సొంత దుకాణం ఉంది. ఆటోల టాపులు, సీటు కవర్లు, మిర్చి మీద కప్పే తాటిపత్రులు కుడుతుంది. ఏడో తరగతితో చదువు ఆపేసి, మార్కెట్ దగ్గర ఒక ముసలాయన దుకాణంలో చిరిగిన తాటిపత్రులకు అతుకులు వేయడంతో మొదలుపెట్టింది. ఇప్పుడు ఊళ్ళో తిరిగే ఆటోల్లో సగం ఆమె కుట్టిన టాపు కిందే తిరుగుతాయి. నాకు లైసెన్సు పరీక్షకు తోడొచ్చింది ఆమే. డంపర్ ఉద్యోగానికి వెళ్ళేటప్పుడు బస్టాండుకు వచ్చి, "ఎంత పెద్దదైతేంది, దానికీ బ్రేకు కాలు కిందనే ఉంటది," అని ధైర్యం చెప్పిందీ ఆమే.

"కొనే ముందు నాకు చూపియ్యి," అంది. "ఇంజిన్ నువ్వు చూస్కో. మిగిలింది నేను చూస్త."

అట్లా ఫిబ్రవరి చివర మేమిద్దరం కార్లు చూడటం మొదలుపెట్టాం.

మొదటిది జనగామలో, పాత కార్లు అమ్మే ఒకాయన దగ్గర. విదేశీ కారు, తెల్లగా మెరిసిపోతోంది. మీట నొక్కితే ఇనుప టాపు దానంతటదే మడత పడి డిక్కీలోకి పోతుందని చెప్పాడు. నాకైతే చూడగానే మనసు అటు పోయింది. మీట నొక్కాడు. టాపు పైకి లేచింది, సగం దాకా వచ్చింది, గొడుగు ఎత్తినట్టు నిలబడిపోయింది. అటూ పోదు, ఇటూ రాదు.

"ఎండకు గరమయింది మేడం. జర చల్లబడితే సక్కగైతది," అన్నాడాయన.

అక్క నవ్వాపుకుని, "అన్నా, మేం కొనేదే ఎండకాలానికి," అంది.

బయటికొచ్చాక నాతో, "దాంట్ల మోటర్లున్నయి, పైపులున్నయి. ఆగితే ఎవలు బాగు చేస్తరు? ఒక్క టాపు కోసం నువ్వు హైదరాబాద్ చుట్టూ తిరగాలె," అంది.

రెండోది మరిపెడలో. టాపు కోసేసిన జీపు. అక్క దాన్ని ముట్టుకోను కూడా లేదు. అంచు దగ్గర వెల్డింగు చూసి, "గీ కోత కొత్తది. కాయితాలు చూడు," అంది. చూస్తే ఆర్‌సీలో అది మామూలు టాపు ఉన్న బండే. అమ్మేవాడు ఎవరూ అడగరులే అన్నాడు. రోజూ గని గేటు దగ్గర కాగితాలు చూపించి లోపలికి వెళ్ళేదాన్ని నేను. దండం పెట్టి వచ్చేశాం.

మూడోది పాలకుర్తి అవతల ఒక ఊళ్ళో ఉందని అక్క దుకాణానికి వచ్చే ఆటో అతను చెప్పాడు. చాలా భూములున్న ఒక పెద్దాయన ఇల్లు. వయసులో ఉన్నప్పుడు, రాజకీయాల్లో తిరిగే రోజుల్లో ఆయన సరదాపడి కొనుక్కున్న కారట. ఇప్పుడు నడుం నొప్పితో అంత కిందికి దిగి కూర్చోలేక అమ్మేస్తున్నాడు.

ఆ ఇంటి గేటు ముందు నిలబడ్డప్పుడు నాకు బాపు గుర్తొచ్చాడు. ఇట్లాంటి గేట్ల ముందు ఆయన చెప్పులు చేతిలో పట్టుకుని, "పటేలా," అని పిలవడం నేను చిన్నప్పుడు చూశాను. నేను "సార్" అని పిలిచాను. అక్క ఇంకా సులువుగా, "అన్నా, కారు చూద్దామని వచ్చినం," అంది.

ఆయన మా వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూశాడు. "మీ ఆయన రాలేదా బిడ్డా? నడిపి చూడాలె కద."

"నడిపేది నేనే సార్," అన్నాను.

"ఇంతకుముందు ఏం నడిపినవు?"

"డంపర్."

ఆయన పొట్టిగా ఉన్న నన్ను కిందికీ పైకీ చూసి, ఇంకేమీ అడగకుండా తాళంచెవి చేతిలో పెట్టాడు.

కారు షెడ్డులో పత్తి బస్తాల వెనక ఉంది. నీలం రంగు, చిన్నది. మన దేశంలోనే కొన్నాళ్ళు తయారై ఆగిపోయిన రకం. బాడీ ఫైబర్‌ది, తుప్పు లేదు. కింద పడుకుని చూశాను, చాసిస్ శుభ్రంగా ఉంది. ఎక్కడా ఆయిల్ చెమ్మ లేదు. స్టార్ట్ చేస్తే రెండోసారికి అందుకుంది. ఊరి బయట చెరువు కట్ట దాకా నడిపాను. క్లచ్ గట్టిగా ఉంది, స్టీరింగు మాత్రం ఎంత తిప్పితే అంత తిరిగింది. నేలను రాసుకుంటూ పోతున్నట్టు అనిపించింది. రోడ్డు పక్కన నడిచేవాళ్ళ నడుములు నా కళ్ళ ఎత్తున కనిపించాయి. ఒంటరిగా గట్టిగా నవ్వాను.

తిరిగొచ్చేసరికి అక్క మొహం వేరుగా ఉంది. సీట్ల వెనక మడతపెట్టి ఉన్న గుడ్డ టాపును ఆమె బయటికి లాగి షెడ్డు నేల మీద పరిచింది. అసలు టాపు అనడానికేమీ లేదు. ఎండకు పెళుసెక్కి, చేతిలో అప్పడంలా విరుగుతోంది. వెనక చూసే ప్లాస్టిక్ అద్దం పసుపు పచ్చగా మారిపోయింది.

"గిదే తిప్పలు," అన్నాడాయన. "నలుగురు వచ్చి చూసిండ్రు. టాపు యాడ దొరకదు. వానకూ ఎండకూ ఆగదని పోయిండ్రు. నేను అబద్ధం చెప్పను."

నేను నిరాశపడ్డాను. అప్పుడు నోటికొచ్చిన మాట ఒకటి అన్నాను. దాన్ని తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. "హైదరాబాద్‌ల ఎవలన్న పెద్ద వర్క్‌షాప్‌ల చూపిద్దమా?" అన్నాను. ఇరవై ఏళ్ళుగా టాపులు కుడుతున్న మనిషి నా పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. అక్క తలెత్తి చూడలేదు కూడా. ఇనుప చట్రాన్ని నిలబెట్టి, ప్రతి కీలునూ కదిపి, జానలతో కొలుస్తోంది. అట్లా చాలాసేపు. పెద్దాయన కుర్చీ తెప్పించుకుని కూర్చుని ఆమెనే చూస్తున్నాడు.

చివరికి ఆమె మా ఇంటి భాషలో, లంబాడీలో, మెల్లగా నాతో అంది, "తీసుకో. గిది ఆటో టాపు లెక్కనే. జర నఖరాలు ఎక్కువ, అంతే."

బయటివాళ్ళ ముందు మేం తెలుగే మాట్లాడుకుంటాం. చాటు మాటలకు మాత్రం మా భాష పనికొస్తుంది. ఆయనకు అర్థం కాలేదు గానీ నా మొహం చూసి ఊహించినట్టున్నాడు. "ఏమంటుంది మీ అక్క?" అన్నాడు.

"తాను కుడతదట సార్."

"కుడతదా?" అని అక్క వైపు తిరిగాడు. అక్క చేతులు దులుపుకుని, "కుడత అన్నా. అయినంక తెచ్చి చూపిస్త," అంది.

కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. నాలుగు రోజుల తర్వాత కారు తెచ్చుకున్నాం. టాపు లేకుండా తొర్రూరు మీదుగా మహబూబాబాద్ దాకా, తలలకు స్కార్ఫులు చుట్టుకుని. ఎండ మొహం మీద చురుక్కుమంటోంది. తొర్రూరు దగ్గర ఆటోల వాళ్ళు అక్కను గుర్తుపట్టి హారన్లు కొట్టారు. ఆమె సినిమా వాళ్ళలా చెయ్యూపింది. అంత సరదాగా ఆమెను నేను ఎప్పుడూ చూడలేదు.

ఆ తర్వాత పని మొదలైంది. లారీ తాటిపత్రి గుడ్డ మందం ఎక్కువ, మడత పడదు. ఆటో రెగ్జిన్ రెండు ఎండలకే పగులుతుంది. ఆమె రెండు రోజులు గుడ్డల దుకాణాలన్నీ తిరిగి, మైనం పట్టించిన పలచటి క్యాన్వాస్ తెచ్చింది. పాత టాపు ముక్కలను నేల మీద పేర్చి, వాటి కొలతకే కత్తిరించింది. వారం రోజులు, ఆటోల పని మధ్యలోనే కుట్టింది. నేను సెలవు రోజున వచ్చేసరికి తయారుగా ఉంది.

ఇద్దరం కలిసి తొడిగాం. వెనక వైపు చక్కగా కూర్చుంది. ముందు అద్దం పైనున్న కొక్కేనికి మాత్రం రెండు వేళ్ళ దూరంలో ఆగిపోయింది. నేను లాగాను. అక్క లాగింది. ఇద్దరం వేలాడినంత పని చేశాం. అందలేదు.

అక్క దుకాణం మెట్టు మీద కూర్చుండిపోయింది. "నాదే తప్పు," అంది. "ఎండకు కుంచించుకపోయిన గుడ్డ అది. దాని కొలత నమ్మిన."

"ముందర ఒక పట్టీ అతికిద్దం అక్కా. ఎవలు చూస్తరు?" అన్నాను.

"నేను చూస్త," అంది. ఆ రెండు మాటలే. బ్లేడు తీసుకుని వారం రోజుల కుట్టంతా విప్పడం మొదలుపెట్టింది. నేను పక్కన కూర్చుని దారాలు ఏరాను. అన్నం తినమంటే వినలేదు.

మళ్ళీ కొత్త గుడ్డ తెచ్చింది. ఈసారి పాత ముక్కల జోలికి పోలేదు. తన పాత నూలు చీర ఒకటి చట్రం మీద బిగించి పరిచి, ఎక్కడెక్కడ మడత పడుతుందో సుద్దముక్కతో గీసుకుంది. ఒక్కో కీలు దగ్గర చట్రాన్ని పదిసార్లు తెరిచి మూసింది. అతుకు ఉన్నచోట గుడ్డను రెండు మడతలు వేసి రెండు వరసలు కుట్టింది. ఆ కుట్టు మీద లోపలి నుంచి మైనం రుద్దింది. వెనక అద్దానికి వానాకాలం ఆటోల పక్కన దించే మందపాటి ప్లాస్టిక్ వాడింది. ఆ పనంతా చూస్తూ నేను ఒక్కసారి కూడా సలహా ఇవ్వలేదు. ఆపాటి బుద్ధి వచ్చింది నాకు.

రెండోసారి తొడిగినప్పుడు కొక్కెం టక్కున పడింది. గుడ్డ డప్పు తోలులా బిగుసుకుంది. అక్క నన్ను లోపల కూర్చోబెట్టి, పైపుతో పావుగంట సేపు టాపు మీద నీళ్ళు కొట్టింది.

"పడుతున్నయా?" బయటి నుంచి అరిచింది.

"ఒక్క చుక్క లేదు!"

"మూలలు చూడు. చెయ్యి పెట్టి చూడు."

మూలలు తడిమాను. పొడిగా ఉన్నాయి. బయటికొచ్చేసరికి పక్క దుకాణాల వాళ్ళు గుమిగూడి ఉన్నారు. అక్క మాత్రం పైపు చుట్ట చుడుతూ, ఏమీ జరగనట్టు, ఒక ఆటో అతనితో సీటు కవరు రంగు గురించి మాట్లాడుతోంది. కానీ మెడ దగ్గర చెమట తుడుచుకునే వంకతో కళ్ళు కూడా తుడుచుకుంది. నేను చూశాను.

అన్న మాట ప్రకారం ముందు పాలకుర్తి అవతలి ఊరికే వెళ్ళాం. పెద్దాయన నడుం పట్టుకుని కారు చుట్టూ తిరిగాడు. టాపు తనే తెరిచాడు, మూశాడు. వేళ్ళతో కుట్టు వెంబడి తడిమాడు. "కొన్ననాడు కూడ ఇంత బిగువు లేకుండె," అన్నాడు. మమ్మల్ని వరండాలో తన పక్క కుర్చీల్లో కూర్చోబెట్టి చాయ్ తాగించాడు. ఈ సంగతి చెప్తే బాపు రెండుసార్లు అడిగాడు, "కుర్చీలనే?" అని.

ఏప్రిల్‌లో అక్క నా దగ్గరికి భూపాలపల్లి వచ్చింది. తెల్లారక ముందే బయల్దేరాం, టాపు తీసేసి. మహదేవపూర్ దారిలో అడవి ఆకురాల్చి ఉంది. ఇప్పపూల వాసన గాలితోపాటు మొహానికి కొట్టింది. అక్క సీటు వెనక్కి వాల్చి ఆకాశం వైపు చూస్తూ, చిన్నప్పుడు మా యాడి, అదే మా అమ్మ, పాడిన పాట ఒకటి గొంతెత్తి పాడింది. గోదావరి ఒడ్డున కాసేపు కాళ్ళు తడుపుకున్నాం. తిరుగు ప్రయాణంలో ఎనిమిదిన్నరకే ఎండ మంట మొదలైంది. పక్కకు ఆపి, టాపు వేసుకున్నాం. నీడ ఒక్కసారిగా మీద పడింది. ఆ నీడ మా అక్కది అనుకున్నాను.

మహదేవపూర్‌లో టిఫిన్ కోసం ఆగాం. ఇడ్లీలు వచ్చేలోపే కారు చుట్టూ జనం చేరారు. గోదావరి మీది ప్రాజెక్టు పనుల్లో జీపు తిప్పే ఒకతను వంగి వంగి చూసి, "ఏ కంపెనీ టాపు మేడం గిది? నా జీపుకు యాడ దొరకక పరేషాన్ అయితున్న," అన్నాడు.

"కంపెనీ కాదు అన్నా," అన్నాను. "మా అక్క."

నా గొంతు అవసరానికి మించి గట్టిగా వచ్చింది. టిఫిన్ సెంటర్‌లో ఉన్నవాళ్ళంతా ఇటు తిరిగారు. అక్క నా కాలు తొక్కింది. కానీ అతను ఆమె వైపు తిరిగి, "మీరు కుట్టిండ్రా అక్కా? నా జీపు జర చూస్తరా?" అని అడిగేసరికి లేచి నిలబడింది. చేతులు కడుక్కుని, చీర కొంగు దోపుకుని, అతని జీపు దగ్గరికి నడిచింది. కడ్డీలు కదిపింది, జానలతో కొలిచింది. అతను చెప్పేది విన్నది కొంచెమే. ఎక్కువగా తనే చెప్పింది. పాత గుడ్డ కొలత ఎందుకు నమ్మకూడదో, మడత దగ్గర గుడ్డ ఎంత వదలాలో. చుట్టూ ఉన్న మగవాళ్ళు నోరెత్తకుండా వింటున్నారు.

ఆమె ఇడ్లీలు చల్లారిపోయాయి. నేను పిలవలేదు.