ఏడో నంబరు మేజోడు

టోలర్ క్రీక్ హాలు వంటగదిలో సింకు పక్కన మేకుకి పచ్చ చారల ఏప్రన్ ఒకటి వేలాడుతూ ఉండేది. దాని మీద ఎవరూ పేరు రాయలేదు. అయినా అది దోరినా జాంపెరిన్‌దని లోయలో అందరికీ తెలుసు.

ఏటా ఆగస్టు మొదటి ఆదివారం, భూగోళం కింది సగంలో ఉన్న మాకు చలి ఇంకా వదలకముందే, మా లోయలో ఇంటి మటుకు వైన్ చేసుకునే పద్నాలుగు మంది ఆ ఏడాది తెల్ల వైన్ తలా ఒక సీసా పట్టుకొస్తారు. ఓల్వెన్ టీచర్ ఆ సీసాలన్నిటినీ వంటగదిలోకి తీసుకుపోయి, ఫుట్‌బాల్ క్లబ్బు వాళ్ళ పాత నీలం మేజోళ్ళు తొడిగి, నంబర్లు కట్టి బల్ల మీద పెడుతుంది. ఆవిడ జన్మలో చుక్క ముట్టలేదు కనుక ఆ పని ఆవిడకే అప్పగించారు. అందరూ రుచి చూస్తారు. సీసా తెచ్చినవాళ్ళకి తలా మూడు బిరడాలు ఇస్తారు. నచ్చిన సీసా ముందు బిరడా పెట్టాలి. సొంత సీసాకి పెట్టుకోకూడదు. ఒక్క బిరడా కూడా పడనివాళ్ళు ఏప్రన్ కట్టుకుని గ్లాసులన్నీ కడగాలి. నాలుగేళ్ళు వరసగా దోరినాయే కడిగింది.

అరవై ఏడేళ్ళ మనిషి. లోయలో సగం మందికి అత్త, మిగతా సగం మంది కూడా అత్తా అనే పిలుస్తారు. పదకొండేళ్ళ కిందట నేను ఇక్కడికొచ్చిన వారానికే నాకూ అత్త అయింది. నాలుగేళ్ళ పిల్లగా ఇటలీ ఉత్తరపు కొండల్లోంచి తండ్రి చెయ్యి పట్టుకుని వచ్చి, పొగాకు చేలల్లో పెరిగింది. ఆకు కోస్తే వేళ్ళకి పట్టే నల్ల జిగురు సబ్బుకి పోదు, పచ్చి టమాటా కోసి రుద్దితే పోతుంది. ఇప్పటికీ ఆవిడ పెరట్లో ఒక టమాటా మొక్క ఎప్పుడూ పండనివ్వదు, అలవాటు కొద్దీ. పద్నాలుగో ఏట, ఆకు కాల్చి ఆరబెట్టే బ్యారన్‌లో రకాలు వేరుచేసే గ్రేడింగ్‌కి కూర్చుంది. కళ్ళు మూసుకుని వాసన చూసి ఏ ఆకు ఏ చేలోదో చెప్పేదని పెద్దవాళ్ళు ఇంకా చెప్పుకుంటారు.

పొగాకు పోతుందన్న సంగతి అందరికంటే ముందు పసిగట్టినవాడు ఆవిడ భర్త ఎల్వియో. ముప్పై ఒక్క ఏళ్ళ కిందట కొండ వాలులో రాళ్ళ నేల మీద వెర్దూజో అనే తెల్లద్రాక్ష నాటారు ఇద్దరూ. ఆ వాలు పొలాన్ని పైచెక్క అంటారు. లోయలో ఇవాళ ఉన్న వెర్దూజో అంతా ఆ పైచెక్క కొమ్మలు అడిగి పట్టుకెళ్ళి నాటుకున్నదే. కాకపోతే వాళ్ళంతా కింద చదును నేలలో నాటారు. కాపు నాలుగింతలు.

ఎల్వియో పోయి నాలుగేళ్ళయింది. పొలంలో సగం ఆయన తమ్ముడు సెవెరీనోది. పైచెక్కలో దున్నేది, మందు కొట్టేది అతనే. నాలుగో ఓటమి తరవాతి మే నెలలో వచ్చి, వదిన పెట్టిన కాఫీ తాగి, కప్పు కింద పెట్టకుండానే సంగతి చెప్పాడు.

“వదినా, ఆ వాలులో ట్రాక్టరు తిప్పి దిగేసరికి నా నడుం నాతో మాట్లాడ్డం మానేస్తోంది. అంతా చేస్తే నాలుగు గంపలు. ఆ నాలుగు గంపల్తో నువ్వు సలాడ్‌లోకి వెనిగర్ చేస్తున్నావ్. పీకేసి హేజల్‌నట్ గింజల చెట్లు వేద్దాం.”

“మీ అన్న నాటినవి.”

“మా అన్న నాటినవే. మా అన్న ఉన్నప్పుడు గ్లాసులు నేను కడిగేవాణ్ణి.”

చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. ఆగస్టు ఆదివారం నాడు ఆవిడ సీసా ముందు ఒక్క బిరడా పడినా తీగలు ఉంటాయి. పడకపోతే సోమవారం పొద్దున్నే పీకేస్తారు. సెవెరీనో మొదటి వరస మొదట్లో తీగలు పీకే ఇనుప గొలుసు చుట్టబెట్టి వెళ్ళాడు, ఎలాగూ వాడేదే కదా అన్నట్టు.

నేను రసాయనశాస్త్రం చదివాను. ఎరువుల కొట్టు వెనక గదిలో చిన్న లాబ్ నడుపుతాను. అందరూ వైన్ నమూనాలు తెచ్చి ఇస్తారు. దోరినత్త ఎప్పుడూ తేలేదు. తన ముక్కుండగా నా గాజు గొట్టాలెందుకని ఆవిడ ఉద్దేశం. జూన్‌లో మాత్రం జామ్ సీసాలో పోసి తెచ్చి, బల్ల మీద పెట్టి, నా చేతిలోంచి ఎనిమిది నెలల పాపని తీసుకుంది. పరీక్ష చేశాను. వెనిగర్ ఆమ్లం లీటరుకి ఒకటీ పాయింటు ఒకటి గ్రాములు వచ్చింది. అందులో సగం దాటితేనే ముక్కుకి తెలిసిపోతుంది.

ఆ మాట చెప్పడానికి ఎన్ని రకాలుగా మెత్తబరిచానో. ఆవిడ పాపని నాకిచ్చేసింది.

“నీ మిషన్‌కి జలుబు చేసిందేమో చూసుకో. అది ఎల్వియో పీపా వాసన. ముప్పై ఏళ్ళుగా మా ఇంటి వాసన.”

రెండు రోజులు నాకు నిద్ర సరిగా పట్టలేదు. మూడో రోజు పాపని గుడ్డతో గుండెకి కట్టుకుని ఆవిడ బ్యారన్‌కి వెళ్ళాను. పొగాకు ఆపేశాక ఆ బ్యారన్‌నే వైన్ గోదాముగా చేసుకున్నారు. లోపలి గాలి పిల్ల ఊపిరికి మంచిదో కాదో అని తలుపుకి ఇటుక అడ్డం పెట్టి వెడల్పుగా తెరిచి ఉంచాను. అత్త పీపా మీద చెయ్యి వేసి నుంచుంది, మనిషి భుజం మీద వేసినట్టు.

కోతప్పుడు పీపాకి ఒక కట్టు తెగి కారడం మొదలైందట. కట్టు మళ్ళీ బిగించారు గాని అత్త భయపడి సగం రసం రెండు పెద్ద గాజు బుడ్డీల్లో పోసి మూల పెట్టింది. అది వంటలోకి అంది. గాజులో పెట్టింది వైనా, దగ్గు మందా అని ఎల్వియో అనేవాడట.

పాప టోపీ తీసి ఎక్కడైనా పెడదామని దూలం మీద చెయ్యి పెడితే నాకొక రేకు డబ్బా తగిలింది. తెరిస్తే గంధకం పూసిన పట్టీలు. ఖాళీ పీపాలో ముట్టించి మూత వేస్తారు, ఆ పొగకి వైన్‌ని వెనిగర్ చేసే పురుగూ పుట్రా చస్తాయి. మూత లోపలివైపు పెన్సిల్‌తో తేదీలు. ఏడాదికొకటి, ఎల్వియో గుండ్రటి రాతలో. ఆఖరిది ఆయన పోయిన ఏడాదిది.

“ఇది ఎవరు చేసేవారత్తా?”

“ఏమో. మా ఇంట్లో గంధకం వాడరు. నాకు పడదు. పెళ్ళైన కొత్తలో ఆ పొగకి ఊపిరాడక పడిపోయాను. అప్పుడే మానేశాం.”

నేను ఫోన్‌లో ఆ తేదీలు ఒక్కొక్కటే చూశాను. అన్నీ ఆదివారాలే. చెప్పాను.

అత్త ఆ మూతకేసి వంగి చూసింది. “ఆదివారం నేను చర్చికి పోతాను. ఆయన రాడు. మోకాలు నొప్పి అనేవాడు.” డబ్బా తిప్పి చూసింది. “ముప్పై ఏళ్ళు మోకాలు నొప్పి.”

నవ్వుతుందో ఏడుస్తుందో నాకు తెలియలేదు. పీపా మీద నుంచి చెయ్యి తీసేసింది.

“నాలుగేళ్ళుగా దీని పక్కన నుంచుంటే ఆయన ఉన్నట్టే ఉండేది అమ్మాయ్. ఈ వాసన ఆయనది కాదన్నమాట.”

నేను లాబ్ మాటలేవీ చెప్పలేదు. రెండు గ్లాసులు తెచ్చి, ఆవిణ్ణి వెనక్కి తిరగమని, ఒకదాన్లో పీపాది, ఇంకోదాన్లో బుడ్డీది పోసి ఇచ్చాను. ఆవిడ పొగాకు రోజుల పిల్లలాగే కళ్ళు మూసుకుంది. మొదటి గ్లాసు వాసన చూసి ఇది నాది అంది. రెండోది ముక్కు దగ్గర పెట్టుకుని గ్లాసు గుండ్రంగా తిప్పింది. నోట్లో పోసుకుని నాలుక మీద ఆడించింది. పియర్ పండు, తేనె, చివర్న నాలుక మీద కొంచెం వగరు, అలా ఒక్కొక్కటే చెప్పుకుంటూ వచ్చింది.

“ఇది రాళ్ళ నేలది. చదునులోది కాదు. ఎవరిది?”

“మీదే. వంటలోకి ఉంచింది.”

ఆవిడ కళ్ళు తెరిచి, ఇంకో గుక్క తాగి, నా కూతురితో అంది: “మీ అమ్మ మిషన్‌కి జలుబు తగ్గిందే.”

ఆగస్టు ఆదివారం హాల్లో పొయ్యి మండుతోంది. బల్ల మీద ఎండు మాంసం సలామీ ముక్కలు, జున్ను, రొట్టె. పద్నాలుగు నీలం మేజోళ్ళు వరసగా నుంచున్నాయి. పాలిచ్చేదాన్ని కనుక నేను వాసన చూసి, పుక్కిలించి, బకెట్టులో ఉమ్మేస్తున్నాను. మిగతావాళ్ళు బకెట్టు వైపు చూడనైనా చూడ్డం లేదు.

మేజోళ్ళు తొడిగినా దోరినత్త సీసా ఎప్పుడూ దాగేది కాదు. గ్లాసు ముక్కు దాకా రాకముందే తెలిసిపోయేది. మగవాళ్ళు ఒకరికొకరు కన్ను కొట్టుకుని ముందుకు జరిగేవారు. ఈసారి ఒకటి నుంచి పద్నాలుగు దాకా వాసన చూసి, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టారు. ఆ వాసన ఎక్కడా లేదు.

సెవెరీనో అత్త కుర్చీ దగ్గరికొచ్చాడు. “వదినా, ఈసారి తేలేదా ఏంటి? తేకపోతే ఓడినట్టే లెక్క.”

“తెచ్చాను. వెతుక్కో.”

ఆవిడ ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది. తన బిరడాలు అప్పుడే పెట్టేసింది, రెండు నాలుగుకి, ఒకటి పదకొండుకి. ఏడో మేజోడు దగ్గర తన సీసా తనకి తెలిసింది, నియమం ప్రకారం దాటిపోయింది.

ఏడో మేజోడు దగ్గరే అందరూ ఆగుతున్నారు. సెవెరీనో ఒక గుక్క తాగి, ఇంకో గుక్క తాగి, అటూ ఇటూ చూసి, పొగమంచులో తన ఆవుని గుర్తుపట్టినవాడిలా తల ఊపాడు. మూడు బిరడాలూ అక్కడే పెట్టాడు. చదునులో తీగలున్న గ్రెగ్ హాల్‌పిన్ కూడా మూడూ అక్కడే పెట్టాడు. అతని పక్క పొలం అత్తీలియో బెర్తూసీ ముందు రెండు పెట్టి, వెళ్ళిపోయి, వెనక్కొచ్చి మూడోది కూడా పెట్టాడు. బిరడాలు గుట్టపడి దొర్లి కింద పడుతుంటే ఓల్వెన్ టీచర్ ఏరి మళ్ళీ పెడుతోంది.

లెక్కేస్తే నలభై రెండింటిలో ముప్పై ఒకటి.

టీచర్ ఏడో మేజోడు అంచు పట్టుకోగానే ఒక వింత జరిగింది. సెవెరీనో కోటు గుండీ పెట్టుకుని లేచాడు. అదే క్షణంలో గ్రెగ్ లేచాడు. అత్తీలియో జుట్టు దువ్వుకుంటూ లేచాడు. ఆ వెనక ఇంకో ఇద్దరు సగం లేచి, ఒకర్నొకరు చూసుకుని అలాగే ఆగిపోయారు.

“అందరూ కూర్చోండి,” అంది టీచర్, ముప్పై ఏళ్ళు ఇదే లోయ పిల్లలకి చెప్పిన గొంతుతో. “లేచిన వాళ్ళలో ఎవరిదీ కాదు.”

మేజోడు లాగింది. లోపల సీసాకి నోటుబుక్ కాగితం అంటించి ఉంది. చేత్తో రాసిన ఒకటే మాట: పైచెక్క.

ఎవరైనా తప్పు జరిగిందని లేచి చెప్పాలంటే, అది నా వైన్ అనుకుని నా బిరడాలు నాకే వేసుకున్నాను అని ముందు ఒప్పుకోవాలి. ఆ సంగతి ఒక్కొక్క మొహం మీదా నెమ్మదిగా తేటపడింది. అందరి తీగలూ ఆ వాలులోంచి వచ్చినవే. ఎవరికి వాళ్ళకి తమ వైన్‌లో ఉన్నది అందులోనూ కనిపించింది, తమ దాంట్లో ఇంతకాలం లేనిది కూడా.

ఓల్వెన్ టీచర్ కళ్ళద్దాలు తుడుచుకుంటూ, “సెవెరీనో, నువ్వు మూడూ ఏడుకే వేసినట్టున్నావ్. మీ వదిన వైన్ అంత నచ్చిందా?” అని అడిగింది.

ఆ మీదట మిగతా మేజోళ్ళు కూడా లాగేసింది. మూడో నంబరుది సెవెరీనో సీసా, దాని ముందు ఒక్క బిరడా లేదు. అతను దాన్ని చూశాడు, వదినని చూశాడు.

“నచ్చింది.”

దోరినత్త లేచింది. “ఒక్క బిరడా చాలనుకున్నాం కదా మరిదిగారూ. మూడు వేశారు. ఎంత పెద్ద మనసు.”

హాలు పైకప్పు లేచిపోయేలా నవ్వారు. అందరికంటే ఆలస్యంగా, అందరికంటే గట్టిగా నవ్వింది సెవెరీనోయే. వాళ్ళ వాళ్ళ బిరడాలన్నీ ఏడుకి ధారపోసుకోవడంతో ఆ ఏడాది సున్నా వచ్చినవాళ్ళు అయిదుగురు తేలారు. ఏప్రన్ మాత్రం ఒకటే. అత్త వంటగదిలోకి వెళ్ళి మేకు మీంచి దాన్ని తీసుకొచ్చి, మరిదిని వంగమని, తానే మెడలో వేసి వెనకాల ముడి కట్టింది. మిగతా నలుగురికీ తుడిచే గుడ్డలు ఇచ్చింది. గెలిచినవాళ్ళు తమ చేత్తో అందరికీ పొయ్యాలి. ఆవిడ పద్నాలుగు గ్లాసులూ పోసింది. సింకు దగ్గరున్న వాళ్ళ గ్లాసులు సింకు దగ్గరికే తీసుకెళ్ళి ఇచ్చింది. ఆ మధ్యాహ్నం నవ్వి నవ్వి నాకు పొట్ట నొప్పి పుట్టింది, పాప కూడా ఎందుకో తెలియకుండానే మాతో పాటు కేరింతలు కొట్టింది.

గెలిచినవాళ్ళ పేర్లు రాసే చెక్క బోర్డు దగ్గర టీచర్ కుంచె పట్టుకుని, జాంపెరిన్ అని రాయనా అని అడిగింది. ఎల్వియో పేరు ఆ బోర్డు మీద అలాగే మూడుసార్లుంది.

“దోరినా అని రాయండి,” అంది అత్త. “జాంపెరిన్ అని బోర్డు మీద ఇప్పటికే చాలాసార్లుంది.”

సోమవారం పొద్దున్నే ట్రాక్టరు చప్పుడు వినిపించింది. పాపని ఎత్తుకుని పరుగెత్తుకెళ్ళాను. సెవెరీనో గొలుసు తీసుకుని పైచెక్క మొదట్లోంచి కిందికి దిగుతున్నాడు. బ్యారన్ ముందు ఆపి, గొలుసు కొస లోపలికి పట్టుకెళ్ళి ఎల్వియో పీపాకి చుట్టాడు. అది అంగుళం అంగుళం చొప్పున వెలుతురులోకి వచ్చింది. అత్త దగ్గరుండి చూసింది. దాన్ని రెండుగా కోయించి, మన్ను నింపి, వంటింటి గుమ్మానికి అటొకటి ఇటొకటి పెట్టి రాదిచ్చియో ఆకుకూర వేసింది. రేకు డబ్బా మాత్రం ఎవరికీ ఇవ్వలేదు, మళ్ళీ దూలం మీదే పెట్టింది.

మరుసటి నెలలో ఒక చిన్న పీపా దొరికింది, మంచిది. ఆ తరవాతి ఆదివారం చర్చిలో దోరినత్త నా ముందు వరసలో కూర్చుంది. పక్కన ఎప్పుడూ సెవెరీనో కూర్చునే జాగా ఖాళీ. బయటికొస్తుంటే ఫాదర్ ఆపి, మీ మరిది కనపడలేదేం అని అడిగాడు.

అత్త తలగుడ్డ సర్దుకుంది.

“మోకాలు నొప్పిట ఫాదర్.”