అమ్మ చెప్పిన సాక్ష్యం

చాలా ఏళ్ల తర్వాత నేను మరియమ్మ పండుగకు వెళ్తున్నానని తెలిసి చుట్టాలంతా నా భక్తికి మురిసిపోయారు. నన్ను తీసుకుపోతున్నది భక్తి కాదు, మా అన్న కారు. మొగుణ్ణి వదిలేసి పూణె నుంచి పుట్టింటికి వచ్చి, కోర్టులో విడాకులకు వేసుకున్నాను. ఆ మొగుణ్ణి పండుగకు రప్పించి, పూజ అయిపోగానే మరియమ్మ ఎదుట రాజీ కుదిర్చి, నన్ను మళ్లీ అప్పగించాలన్నది అన్న ఏర్పాటు. అన్న మహేశ్వరం వైపు ప్లాట్లు అమ్ముతాడు. ఏ బేరం ఎక్కడ కూర్చుని మాట్లాడితే తెగుతుందో ఆయనకు బాగా తెలుసు.

మేము క్రైస్తవులం కాము. శంషాబాద్ పక్క పల్లెలో జొన్నలు పండించుకున్న ఇల్లు మాది. నేను అడ్డం తిరిగి, సిస్టర్లు నడిపే దవాఖానలో అతి కష్టం మీద పుట్టానట. ఆ రోజు అమ్మ అక్కడి మరియమ్మ బొమ్మకు మొక్కుకుంది. అప్పటి నుంచి ఏటా ఫిబ్రవరిలో చీర, కొబ్బరికాయ, కొవ్వొత్తులు పట్టుకుని పండుగకు వెళ్తుంది. ఆషాఢంలో పోచమ్మకు బోనం, ఫిబ్రవరిలో మరియమ్మకు చీర. అమ్మ దృష్టిలో వాళ్లిద్దరూ అక్కాచెల్లెళ్లు. పెళ్లయ్యాక నేను మాత్రం రాలేదు. మా ఆయనకు జాతరలు గిట్టవు. ఆయన చూపు ఆనని చోట నేను ఉండటం అసలే గిట్టదు.

కారులో నా పక్కన పెద్దమ్మ కూర్చుంది. నాకు బుద్ధి చెప్పడానికే ఆమెను ఎక్కించుకున్నారు.

"మొగోడన్నంక జర కోపం ఉంటది బిడ్డా. మీ పెద్దబాపు నన్ను కొట్టలేదా? నేను ఉండలేదా?"

పెదనాన్న పోయాక పెద్దమ్మ ఒళ్లు చేసింది, మోకాళ్ల నొప్పులు కూడా తగ్గాయి. ఈ మాట పైకి అనకుండా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. అమ్మ ముందు సీటులో చీర కవరు ఒళ్లో పెట్టుకుని ఒక్క ముక్క మాట్లాడటం లేదు. అదే నన్ను తినేస్తోంది. అన్ననూ పెద్దమ్మనూ ఎంతయినా ఎగతాళి చేయగలను. కానీ కాపురం చేసినన్నాళ్లూ అమ్మ ఫోనులో చెప్పింది కూడా ఒకటే మాట: సర్దుకపో బిడ్డా. ఇవాళ అమ్మ కూడా పొమ్మంటే నాకు ఇంక వెళ్లడానికి ఇల్లు లేదు.

చర్చి దారి గుర్తుపట్టలేకపోయాను. చిన్నప్పుడు సజ్జ చేల మధ్య నడిచిన బాటకు ఇప్పుడు రెండు వైపులా వెంచర్ల గేట్లు. గేటు ఉంది, దానికి ఇంగ్లీషు పేరు ఉంది, లోపల రాళ్లు తప్ప ఏమీ లేవు. చర్చి ముందు పెద్ద ఫ్లెక్సీ కట్టారు. అందులో ఒక మూల మరియమ్మ, ఇంకో మూల బాల ఏసు, నడుమ వాళ్లిద్దరికంటే పెద్దగా తెల్ల చొక్కాలో మా అన్న. భక్తులకు స్వాగతం పలుకుతున్నాడు, కింద సెల్ నంబరు.

"ఎట్లున్నది చెల్లె?" అన్నాడు.

"మరియమ్మ కొంచెం పెద్దగున్నట్టుంది అన్నా," అన్నాను. ఆయన నిజమేనేమో అన్నట్టు ఫ్లెక్సీని మళ్లీ చూశాడు.

నా చిన్నప్పుడు కొబ్బరికాయలు కొట్టవద్దని ఫాదర్ మైకులో అరిచేవారు, మనవాళ్లు మెట్ల మీదే కొట్టేవారు. ఎన్నేళ్లు అరిచారో, చివరికి చర్చివాళ్లే ఓడిపోయి ఒక బండ వేయించి, కాయలు ఇక్కడ మాత్రమే కొట్టవలెనని బోర్డు పెట్టారు. పెద్దమ్మ దీవెన కోసం వరుసలో నిలబడి, ఫాదర్ నెత్తిన చేయి పెట్టగానే మా గోత్రం చెప్పింది, ఇంటిల్లిపాది పేర్లూ చెప్పింది. కోస్తా నుంచి వచ్చిన ఆ ఫాదర్ కళ్లు మూసుకుని అన్నీ విని, "మంచిదమ్మా" అన్నారు. ఈ ఊరికి వచ్చి ఆయన చాలానే నేర్చుకున్నట్టున్నారు.

పూజలో ప్రసంగమంతా కుటుంబ ఐక్యత గురించే. నెత్తి మీదుగా విమానం వెళ్లినప్పుడల్లా ఆయన ఆగుతున్నారు. నాకు ఆ కాసేపే ప్రాణం తెరిపిన పడుతోంది. అన్న మాత్రం ఐక్యత అన్న ప్రతిసారీ నా వైపు తిరిగి తల ఊపుతున్నాడు, ఆ ప్రసంగం తనే రాయించినట్టు.

పూజ ముగిశాక మేలు పొందినవాళ్లు వచ్చి సాక్ష్యం చెప్పాలన్నారు. ఒకాయన కిడ్నీలో రాయి కరిగిందన్నాడు. ఒకామె తన కోడలు మాట వినడం మొదలుపెట్టిందని చెప్పింది. దీనికే ఎక్కువ చప్పట్లు పడ్డాయి. అప్పుడు అమ్మ చీర కవరు పట్టుకుని లేచింది.

"సూడు, నీ కాపురం కోసం అడుగుతది అమ్మ," అని అన్న నా చెవిలో అన్నాడు.

అమ్మ మైకు ముందు కొంగు సర్దుకుని నిలబడింది.

"నాకు మాట్లాడ రాదు ఫాదర్ సార్. నా బిడ్డకు పెండ్లి చేసినం. అల్లుడు మంచోడు కాదు. కొడ్తడు, గదిల ఏసి తాళం పెడ్తడు. నా బిడ్డను ఆ ఇంట్లకెల్లి బయటికి తీసుకరా తల్లీ అని ఏడాదేడాది ఈడికొచ్చి మొక్కిన. ఈ యేడు ఇడిసిపెట్టి ఒచ్చింది. కోర్టుల గూడ ఏసింది. తల్లి నా మొక్కు ఇన్నది. చీర తెచ్చిన."

వెనక బెంచీలవాళ్లు అలవాటు కొద్దీ ఆమెన్ అన్నారు. ముందు బెంచీలవాళ్లకు అనాలో వద్దో తెలియక ఒకరినొకరు చూసుకున్నారు. పెళ్లి ముడి మనిషి విప్పకూడదని చెప్పే గుడిలో, విడాకుల దాకా తెచ్చినందుకు దేవుడి తల్లికి చీర పెట్టడం మా అమ్మకే చెల్లింది. ఫాదర్ గొంతు సవరించుకున్నారు.

"అమ్మా, మన తల్లి కుటుంబాలను కలుపుతుంది గానీ..."

"కలిపింది గద సార్. నా బిడ్డ నా కాడ ఉన్నది."

ఫాదర్ చీర అందుకున్నారు. ఇంకేం చేస్తారు పాపం.

అమ్మ వచ్చి కూర్చునేసరికి అన్న ఫోను మోగింది. ఆయన మొహం చూస్తే ఎవరో తెలిసిపోయింది.

"అమ్మా, బావ ఒచ్చిండు. పార్కింగుల ఉన్నడు. ఇప్పుడు ఎట్ల?"

"ఎట్ల ఏంది? పిలిచింది నువ్వు. పోయి నువ్వే వాపస్ తోలి రా," అంది అమ్మ. "ఇంత దూరం ఒచ్చిండు, ఈడ అన్నం పెడ్తున్నరు. తినిపొమ్మను."

అన్న పెద్దమ్మ వైపు చూశాడు. పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేల చూస్తోంది. ఆయన పార్కింగు వైపు నడిచాడు. ప్లాటు అమ్ముడుపోని రోజు ఎలా నడుస్తాడో అలాగే నడిచాడు.

పెద్దమ్మ అన్నాల వరుసలోకి వెళ్లింది, బయట షామియానా కింద కుర్చీల్లో అమ్మా నేనూ మిగిలాం. అమ్మ కొబ్బరి చిప్పను చాకుతో ముక్కలు చేస్తోంది. సంతోషంగా ఉండాల్సింది, నాకు కోపం వచ్చింది.

"మరి ఇన్నేండ్లు ఫోన్ల సర్దుకపో, సర్దుకపో అన్నవెందుకే?"

అమ్మ చాకు ఆపలేదు.

"వాడు పక్కన కూసుండి ఇంటుండె గద. నీ ఊపిరితోని ఇంకో ఊపిరి ఇనపడేది నాకు. ఒచ్చెయ్ బిడ్డా అని నేనంటే, ఫోన్ పెట్టేసినంక దెబ్బలు పడేది నీకే గద."

మా ఆయన ఫోను స్పీకరులో పెట్టించి, నా కుర్చీకి ఆనుకుని కూర్చునేవాడు. ఆ సంగతి నేను అన్నకు చెప్పలేదు, లాయరుకూ చెప్పలేదు. పొద్దున్నుంచి అందరినీ ఎగతాళి చేస్తూ వచ్చినదాన్ని, ఏడుపు ఆపుకోలేకపోయాను.

అమ్మ ఏడవనిచ్చింది. తర్వాత చాకు పక్కన పెట్టి, కుర్చీ నా దగ్గరికి జరుపుకుంది.

"ఇగ ఎవ్వలు ఇంటలేరు," అంది. "చెప్పు."