స్టీరింగ్ వదిలేసిన డ్రైవర్

ఈ మధ్యాహ్నం నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు మిత్రుడి కొత్త కారులో వెళ్లాను. దారిలో డ్రైవర్ బాషా ఒక బటన్ నొక్కి, స్టీరింగ్ వదిలేసి చేతులు కట్టుకున్నాడు. "గీతల నడుమ అదే పోతాది సార్. ముందర బండొస్తే అదే బ్రేకేస్తాది. నాకంటే బాగా తోలుతాది," అన్నాడు.

కొంత దూరంలో రోడ్డు ఎడమ సగం మీద మొక్కజొన్నలు ఆరబోసి, బండ్లు తప్పుకుపోవడానికి అంచున రాళ్లు పేర్చారు. ఇక్కడ అందరికీ తెలిసిన గుర్తే అది. కారుకు తెలియదు. వేగం తగ్గలేదు. నేను అరిచాక బాషా బ్రేకు తొక్కాడు. ఒక రాయిని ఎగరగొట్టి కారు ఆగింది. గింజల పక్కన ముఖాన తువ్వాలు కప్పుకుని పడుకున్న కాపలా తాత లేచి కూర్చున్నాడు. ఆయన కాళ్లకూ చక్రానికీ మధ్య బెత్తెడు ఖాళీ.

"కండ్లు యాడ పెట్టుకోని తోల్తాండావప్పా?"

"నేను తోల్లేదు తాతా, కారే పోతాంది."

"అట్లయితే సచ్చినాంక ఎవురిని తిట్టుకోవల్ల నేను?"

బాషా నవ్వాడు. కాస్త దూరం పోయాక మళ్లీ చేతులు కట్టుకున్నాడు.

తిరుగు ప్రయాణానికి నేను బస్సెక్కాను. మీరైతే ఆ కారే ఎక్కేవారా, చెప్పండి. తాతకు మాత్రం అలా తప్పుకునే వీలు లేదు. గింజలు ఎండేదాకా ఆయన అక్కడే పడుకుంటాడు.