అన్నను స్టేషన్‌కు పంపిన మాట

2006 వేసవిలో నేను వనపర్తిలో జూనియర్ వకీలుని. అంతర్జాతీయ మానవ హక్కుల చట్టంపై మూడు వారాల శిక్షణకు హైదరాబాద్ వెళ్లాను. ఒక మధ్యాహ్నం ఊరి నుంచి అన్న ఫోన్ చేశాడు.

“ఎవడో బోరు మోటారు ఎత్కపోతే పోలీసోళ్లు నన్ను రమ్మంటుండ్రు తమ్మీ. నాలుగొద్దులు అచ్చంపేటల ఉండొస్త.”

“నువ్వేం తప్పు చేసినవ్ అన్నా, దాక్కోనీకి? పో. నిన్ను కొట్టే హక్కు ఎవ్వనికి లేదు,” అన్నాను. చిత్రహింసల నిషేధ ఒప్పందం గురించి ఆ ఉదయమే పాఠం విన్నాను.

“వకీలు సాబ్ చెప్పినంక పోకుంటె ఎట్ల?” అని నవ్వాడు.

మూడో రోజు దవాఖానలో అన్న శవాన్ని చూశాను. వీపంతా కమిలిపోయి ఉంది.

“పారిపోయెటోన్ని నువ్వే ఆపితివి గదా,” అన్నది వదిన.

ఇప్పుడు ఎవరినైనా స్టేషన్‌కు పిలిస్తే వాళ్లకు చట్టం చెప్పను. వెంట వెళ్లి, వాళ్లు బయటికి వచ్చేదాకా అక్కడే కూర్చుంటాను.