వంకగట్టు మీద అవ్వ పెంచిన వావిలి

ఈ పొద్దున మా ఊళ్లో బస్సు దిగగానే వావిలాకు వాసన గుప్పున తగిలింది. కన్నడ సీమలోని మా మోక వైపు పెరిగిన మన ఈడువాళ్లకు ఆ ఘాటు గుర్తుండే ఉంటుంది. పురుగు పట్టకుండా ఆ ఆకును గింజల గాదెలో వేసేవాళ్లు, బాలింతల స్నానం నీళ్లలో వేసి కాచేవాళ్లు. మేకలు మాత్రం మూతి పెట్టేవి కావు. ఎంత కరువొచ్చినా ఆ పొద పచ్చగానే ఉండేది.

మా చేను పక్కన ఎండిపోయిన వంక ఉండేది. దాని గట్టు పొడవునా మా అవ్వ వావిలి పెంచింది. ఒక వేసవిలో మా నాయన ఆ పొదలు పెరికేసి, అక్కడ కూడా పత్తి వేద్దామని గడ్డపార పట్టుకుపోయాడు. అవ్వ వెళ్లి వాటి ముందు కూర్చుంది.

"ఈ లక్కిగిడలు మనకేం పెడతాండాయమ్మా?" అని నాయన వావిలిని కన్నడ పేరుతో అంటూ విసుక్కున్నాడు.

"మన్ను పట్టుకోని ఉండాయి. ముందు నన్ను పెరుకు, ఆ మీట వాట్ని పెరుకుదువు."

నాయన గడ్డపార భుజాన వేసుకుని వచ్చేశాడు.

ఆ ఏడు వానలకు వంక పొంగింది. చుట్టుపక్కల గట్లు తెగి, చేలలో నల్లమన్ను కొట్టుకుపోయింది. మా గట్టు నిలిచింది. తెల్లారి పక్కచేను రైతు వచ్చి, "అవ్వా, నాకూ నాలుగు కొమ్మలియ్యి" అన్నాడు.

"నాలుగేందప్పా, గట్టంతా నాటుదాం రా" అంది అవ్వ.

కొమ్మల మోపు నెత్తిన పెట్టుకుని మా నాయన ఆమె వెనకాలే నడిచాడు. దారిలో ఎదురైన ప్రతివాడికీ, "మాయమ్మ పెంచిన చెట్లప్పా ఇవి" అని చెప్పుకుంటూ పోయాడు.